ఉప్పుగాలి తిన్న మారుతి 800కి ఇంటి దగ్గరే రంగు: ప్రాజెక్టు డైరీ

డిసెంబరు: బండి సంగతి

2006 మోడల్ మారుతి 800. తెల్లది. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను ఇప్పటికీ ఒక్క సెల్ఫుకే అందుకుంటుంది. గేర్లు మెత్తగా పడతాయి, ఏసీ కూడా చల్లగానే వస్తోంది. పోయిందల్లా రేకు. నాన్నగారు ఉప్పాడ వైపు బడిలో పనిచేసినన్నాళ్లూ ఈ బండి కాకినాడ నుంచి బీచ్ రోడ్డు మీదే తిరిగింది. తుపాను రోజుల్లో ఆ రోడ్డు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. అల రాళ్లు దాటొచ్చి రోడ్డు మీద పడుతుంది, బండి అందులోంచే పోవాలి.

పదిహేనేళ్లు నిండాక ఆర్‌సీ ఐదేళ్లకి రెన్యువల్ చేయించాం. ఆ గడువూ దగ్గరపడుతోంది. అమ్మితే తుక్కు ధర. కంపెనీ 2014 జనవరిలో 800 తయారీ ఆపేసినా సామాన్లకి లోటేమీ లేదు, విజయవాడ ఆటోనగర్ వెళ్తే బీడింగు దగ్గర్నుంచి బంపరు దాకా అన్నీ దొరుకుతున్నాయి. కాబట్టి ఉంచుకుందామనే అనుకున్నాం. ఉంచుకునేటట్టయితే తుప్పు సంగతి చూడాల్సిందే.

షెడ్డులో ఇస్తే నాకు శ్రమ తక్కువ. మంచి పనివాళ్లు లేరనీ అనను. కానీ పాత బండి అనగానే ఎక్కువమంది చేసేది ఒకటే: పైకి కనిపించే పొక్కు గీకడం, లప్పం పెట్టడం, రంగు కొట్టడం. 800కి అంతకు మించి కూలీ ఇచ్చేవాడు ఉండడని వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పు కూడా కాదు. నాకు మాత్రం కార్పెట్ కింద ఏముందో చూడాలని ఉంది.

అయితే ఇంట్లో వేయడమంటే ఒక సంగతి ముందే ఒప్పుకోవాలి. మనకి పెయింట్ బూత్, అంటే రంగు కొట్టడానికి దుమ్ము రాకుండా మూసిన గది, లేదు. దుమ్ము, తేమ, ఎండ, పురుగులు, ఇవేవీ మన మాట వినవు. మన చేతిలో ఉండేది ఏ రకం రంగు ఎంచుకుంటాం, ఏ నెలలో ఏ వేళప్పుడు కొడతాం అన్నంత వరకే. ఈ పనిలో మిగతా నిర్ణయాలన్నీ ఆ ఒక్కదాని వెంటే వచ్చాయి.

రంగు ఎంపిక, మేనల్లుడి గొడవ

లిస్టులోంచి మొదట తీసేసింది మెటాలిక్‌ని. మెటాలిక్ రంగులో సన్నటి అల్యూమినియం పొడి ఉంటుంది. స్ప్రే గన్ను ఒక చోట దగ్గరగా, ఒక చోట దూరంగా పోయిందంటే ఆ పొడి ఒక్కోచోట ఒక్కోలా పడుకుంటుంది. ఎండలో చూస్తే మబ్బులు మబ్బులుగా కనిపిస్తుంది. పైగా దాని మీద దుమ్ము పడితే ఆ చోటు గీకి పాలిష్ పెట్టడానికి వీల్లేదు, పొడి చెదిరిపోతుంది, మళ్లీ కొట్టాల్సిందే. ఆ పొడి కలవని సాలిడ్ రంగు అలా కాదు. ఆరాక నలుసుని సన్న గరుకు కాగితంతో తీసేసి కాంపౌండ్ పెట్టి రుద్దితే జాడ ఉండదు. గాలిలో దుమ్ము ఆపలేనివాడికి సాలిడే గతి.

తర్వాత డ్యూకోనా, పీయూ (పాలీయురెథేన్) రంగా? పాతకాలం మేస్త్రులు డ్యూకో అని పిలిచే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగు చూస్తూండగానే ఆరిపోతుంది, అంటే దుమ్ము పడే వ్యవధి తక్కువ. దానికి హార్డెనర్, అంటే కలిపి గట్టిపరిచే మందు, కూడా అక్కర్లేదు. కానీ పెట్రోలు చుక్క పడితే మరక, ఎండకి త్వరగా వెలుస్తుంది, మెరుపు కావాలంటే రుద్దుతూ ఉండాలి. సముద్రం పక్క ఊళ్లో బయట నిలబడే బండికి అది చాలదు. హార్డెనర్ కలిపే పీయూ గట్టిగా నిలుస్తుంది. దానికున్న ప్రమాదం ఏమిటో రంగు కొట్టే రోజు దగ్గర రాస్తాను, అది తేలిగ్గా తీసుకునేది కాదు.

ఇక రంగు. మా మేనల్లుడు ఫోన్లో ఒక బొమ్మ పట్టుకొచ్చాడు. "మావయ్యా, ఆర్మీ గ్రీన్ వేద్దాం, మాట్ ఫినిష్, కేక పుట్టిస్తుంది."

"వేస్తే కేక మనం పెట్టాలిరా," అన్నాను.

హాస్యానికి కాదు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 121వ నియమం ప్రకారం రక్షణ శాఖ వాహనాలకి తప్ప ఇంకెవరి బండికీ ఆలివ్ గ్రీన్ వేయకూడదు. జీపులు కొని ఆ రంగే వేయించేవాళ్లలో చాలామందికి ఈ నియమం ఉందనే తెలియదు. వాడి లిస్టులో రెండోది నల్ల ఫిల్మ్. అద్దాలకి నల్ల ఫిల్మ్ అంటించడాన్ని 2012లో సుప్రీంకోర్టు కాదంది కనుక అదీ పోయింది. మూడోది పెద్ద చక్రాలు. 800కి కంపెనీ ఇచ్చింది 145/70 ఆర్12. దానికంటే పెద్దవి వేస్తే స్టీరింగ్ బరువెక్కుతుంది, మలుపులో టైరు మడ్‌గార్డుకి రాసుకుంటుంది, మీటరు తప్పు చూపిస్తుంది. పవర్ స్టీరింగ్ లేని బండికి ఆ సరదా ఎందుకు?

చివరికి అందరికీ నచ్చింది, బూడిద కలిసిన లేత నీలం బాడీ, పైన తెల్ల టాపు. తెల్ల టాపు అందానికే కాదు, మే నెలలో లోపల కూర్చునేవాడికి తేడా తెలుస్తుంది.

రంగు మారితే ఆర్‌సీలో కూడా మారాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మార్పుల గురించే. ఆర్‌సీలో తెలుపు అని ఉండి రోడ్డు మీద నీలం బండి తిరిగితే చెకింగులో ఆపుతారు, ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు మెలిక పెడతారు. కాబట్టి డబ్బా మూత తీయకముందే రవాణా శాఖ ఆఫీసులో దరఖాస్తు పెట్టి, ఇన్సూరెన్సు కంపెనీకి మెయిల్ కొట్టి మరీ మొదలుపెట్టాను.

ఊడదీసే పని

బంపర్లు, దీపాలు, గ్రిల్లు, డోర్ హ్యాండిళ్లు, బీడింగులు, వైపర్లు, సీట్లు, కార్పెట్. 800లో ఎక్కువగా పదో నంబరు, పన్నెండో నంబరు స్పానర్లు, ఒక స్టార్ స్క్రూడ్రైవరు ఉంటే చాలు. ప్రతి భాగం స్క్రూలనీ విడి కవర్లో వేసి, పైన మార్కరుతో పేరు రాసి, ఊడదీసేముందు ఫోటో తీయడం నా అలవాటు. ఊడదీసిన రోజు అన్నీ గుర్తున్నట్టే ఉంటాయి. నెలన్నర తర్వాత అదే స్క్రూ చేతిలో పెట్టుకుని డిక్కీదా, డాష్‌బోర్డుదా అని జుట్టు పీక్కోవాలి.

ముందు అద్దం కూడా తీయించాను. అద్దం చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు కింద నీళ్లు నిలిచి తుప్పు పడుతుంది. రబ్బరు మీద టేపు వేసి రంగు కొట్టేస్తే ఆ తుప్పు అలాగే లోపల కూర్చుంటుంది. అనుకున్నట్టే కింది రెండు మూలల్లో రేకు గోధుమ రంగు పెచ్చులుగా లేచింది.

తుప్పు

ఈ భాగానికే ఎక్కువ రోజులు పట్టింది, పట్టాలి కూడా.

కార్పెట్ ఎత్తాక డ్రైవరు కాళ్ల కింద స్క్రూడ్రైవరుతో పొడిచి చూశాను. రెండు చోట్ల సులువుగా దిగిపోయింది. ఎడమ వైపు బాగానే ఉంది. బ్యాటరీ కింద ట్రే యాసిడ్‌కి జల్లెడైంది. డోర్ల కింది అంచులు చూస్తే ప్రతి డోరుకీ నీళ్లు పోయే చిన్న కన్నాలుంటాయి, అవి మట్టితో, ఎండుటాకులతో పూడుకుపోయి ఉన్నాయి. వానకి అద్దం సందులోంచి దిగే నీళ్లు బయటికి పోయే దారి లేక డోరు లోపలే నిలుస్తాయి. బయట పొక్కు కనిపించేసరికి లోపల రేకు సగం పోయి ఉంటుంది. మీ బండికి రంగు వేసినా వేయకపోయినా, ఒక సైకిల్ పుల్ల తీసుకుని ఆ కన్నాలు పొడిచి పెట్టుకోండి. ఖర్చు లేని పని.

తుప్పులో రెండు రకాలు. పైపైన పట్టింది, రేకు తిన్నది. పైపైది నాలుగంగుళాల గ్రైండరుకి వైరు కప్పు బ్రష్ బిగించి తీశాను. తీశాక కూడా సన్నటి గుంటల్లో నల్లటి చుక్కలు మిగులుతాయి. అవే మళ్లీ మొలకెత్తేవి. వాటి మీద ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ రాసి, అది తుప్పుని నల్లని గట్టి పొరగా మార్చేదాకా వదిలేసి, కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. యాసిడ్ శుభ్రంగా పోకుండా పైన ఇపాక్సీ ప్రైమర్ (రంగు కింద వేసే పునాది పూత) కొడితే అది పట్టు విడుస్తుంది.

తిన్న రేకుకి మందు లేదు, కోసి కొత్తది అతికించాలి. ఇది నా పని కాదు. సీఓటూ వెల్డింగ్ మెషిను ఉన్నాయన్ని ఇంటికే పిలిపించాను. గ్యాస్ వెల్డింగ్ వద్దన్నది కావాలనే. బాడీ రేకు మందం ముప్పావు మిల్లీమీటరు చుట్టుపక్కల ఉంటుంది, గ్యాస్ మంట వేడికి చుట్టూ జానెడు మేర ముడత పడుతుంది. ఆ ముడత సరిచేయడానికి మళ్లీ అంత లప్పం. సీఓటూతో చుక్క చుక్కగా, ఒక చుక్క ఇక్కడ, ఇంకోటి అవతలి మూల, వేడి ఒకే చోట చేరకుండా వేశాడాయన. మొదలుపెట్టేముందు బ్యాటరీ తీసేశాం, ఈసీయూ (ఇంజను కంప్యూటర్) ప్లగ్గు ఊడదీశాం, నేల కింద పోయే పెట్రోలు పైపు ఎక్కడుందో చూసుకుని తడిగుడ్డ చుట్టాం, పక్కన రెండు బకెట్ల ఇసుక పెట్టుకున్నాం. ఆయన మొదట్లో నవ్వాడు, "ఇంత జాగ్రత్త ఎవరూ పడరండి" అని. తర్వాత తడిగుడ్డ మీద నిప్పురవ్వ పడి సుర్రుమంది, నవ్వు ఆపేశాడు.

అతుకులు గ్రైండ్ చేశాక అదే రోజు ఇపాక్సీ ప్రైమర్. కాకినాడలో పచ్చి రేకుని రాత్రంతా వదిలితే తెల్లారేసరికి ఎర్రటి పొడి పట్టి ఉంటుంది.

లప్పం

పాత రంగు మొత్తం గీకాల్సిన పని లేదు. కంపెనీ రంగు గట్టిగా పట్టుకుని ఉన్నచోట అంతకంటే మంచి పునాది మనం వేయలేం. దెబ్బ తిన్నచోట మాత్రం అంచు వాలుగా వచ్చేదాకా రుద్దాలి. సరిగ్గా రుద్దితే నరికిన మొద్దులోని వలయాల్లా పొరలు బయటపడతాయి: బయట తెలుపు, తర్వాత ప్రైమర్, దాని కింద సన్న గీతలా కంపెనీ ముంచి తీసిన పొర, మధ్యలో మెరిసే రేకు. ఒక్కో వలయం వేలెడు వెడల్పు ఉంటే అంచు వాలినట్టు. వెంట్రుకంత సన్నగా ఉంటే ఇంకా మెట్టు ఉన్నట్టే. పైన రంగు పడ్డాక ఆ మెట్టు ఎండలో గీతలా కనిపిస్తుంది.

లప్పం అంటే రెండు భాగాల పాలిస్టర్ లప్పం, డబ్బాతో పాటు చిన్న ట్యూబులో హార్డెనర్ వస్తుంది. వందకి రెండు పాళ్లు చాలు. త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ పిండితే దానిలోని పెరాక్సైడు లేత రంగుల్లోంచి పసుపు మరకగా పైకి తేలుతుంది, అదీ కొన్ని వారాలు పోయాక. కలిపిన ఐదారు నిమిషాల్లో బిగుసుకుంటుంది కాబట్టి ఒక్కసారికి అరచేతిలో పట్టేటంతే కలపాలి.

ఇక్కడ ఊరి పద్ధతితో నాకు పేచీ ఉంది. చాలా చోట్ల లప్పాన్ని నీళ్లు పోస్తూ వాటర్ పేపరుతో రుద్దుతారు. దుమ్ము లేవదు, చేతికి హాయి. కానీ పాలిస్టర్ లప్పం నీళ్లు పీలుస్తుంది. ఆ తడి లోపల ఉండిపోయి పైన పీయూ పడితే, ఎండకి బొబ్బలై లేస్తుంది. లప్పం పొడిగానే రుద్దాలి: 80 నంబరు గరుకు కాగితంతో ఆకారం, 120, 180 నంబర్లతో గీతలు తగ్గించడం. చేత్తో కాదు, చెక్క దిమ్మకి కాగితం చుట్టి. వేళ్లతో రుద్దితే వేళ్ల మధ్య సందులన్నీ గుంటలుగా పడతాయి.

కన్ను మోసం చేస్తుంది, అరచెయ్యి చేయదు. పల్చటి నూలు గుడ్డ డోరు మీద వేసి, దాని మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని ముందు నుంచి వెనక్కి లాగితే వెంట్రుక మందం ఎత్తుపల్లం కూడా తెలుస్తుంది. ఇది నేర్పింది జగన్నాథపురంలో రిటైరైన పెయింటు మేస్త్రి గారు. సాయంత్రాలు ఇటు వచ్చి కుర్చీ వేసుకుని కూర్చునేవారు. పని ముట్టుకోరు, మాటే.

"బాబుగారండి, కుడి డోరు మజ్జలో లోయ ఉందండి."

"ఎక్కడండీ, నాకు కనపడట్లేదే?"

"రంగేశాక కనపడద్దండి. అప్పుడు మీకే కాదు, ఈధంతటికీ."

ప్రైమర్

ఇపాక్సీ మీద టూ-కే సర్ఫేసర్ (హార్డెనర్ కలిపి, పైరంగుకి ముందు చదును కోసం కొట్టే పూత), మూడు కోట్లు, కోటుకీ కోటుకీ మధ్య పది పదిహేను నిమిషాలు. దీనికి గన్ను నాజిల్ పెద్దది కావాలి, 1.8 మిల్లీమీటర్లది వాడాను. ఆరాక నల్ల స్ప్రే డబ్బాతో దూరం నుంచి చుక్కలు పడేలా చల్లి, దిమ్మకి 400 కాగితం చుట్టి నీళ్లతో రుద్దాను. సర్ఫేసర్‌కి నీళ్లు పర్వాలేదు, ఆ తర్వాత ఎండలో బాగా ఆరనివ్వాలి. ఎత్తున్నచోట నలుపు ముందే పోతుంది, పల్లంలో మిగిలిపోతుంది. మేస్త్రి గారు చెప్పిన లోయ అచ్చం ఆయన వేలు పెట్టినచోటే నల్లగా నిలిచింది. అక్కడ ఇంకో విడత. ఆఖరున 600తో మొత్తం ఒక వరస.

గుడారం, గాలి, పక్కింటి వడియాలు

సంక్రాంతి వెళ్లాక రంగు కొట్టాలని మొదటి నుంచీ అనుకున్నదే. వానాకాలంలో గాలిలో తేమకి పీయూ మసకబారుతుంది. మే నెలలో థిన్నర్ గన్నులోంచి రేకు చేరేలోపే ఎగిరిపోయి రంగు ఇసుకలా గరుగ్గా పడుతుంది. జనవరి ఆఖరు, ఫిబ్రవరి మొదలు బాగుంటాయి, కానీ రోజంతా కాదు. తెల్లవారి మంచు పడి రేకు చల్లగా, చెమ్మగా ఉంటుంది. సాయంత్రం దీపాలు పెట్టేసరికి దోమలు, పురుగులు. పది దాటాక మొదలుపెట్టి మూడులోపు ముగించాలి, పనికి దొరికే వేళ అంతే.

ఇంటి కింద పార్కింగులో పీవీసీ పైపులతో చట్రం కట్టి చుట్టూ పాలిథిన్ పట్టా వేశాం. ఒక వైపు గాలి లోపలికి రావడానికి ఫిల్టరు గుడ్డ, ఎదుటి వైపు బయటికి తోడే ఫ్యాను. ఫ్యాను మోటారు గుడారం బయట పెట్టాలి, థిన్నర్ ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. నేల కడిగి, నీళ్లు నిలవకుండా చెమ్మ మాత్రం ఉంచాం. నీళ్లు నిలిస్తే ఆ తేమ రంగులోకే చేరుతుంది. లుంగీ, కాటన్ తువ్వాలు లోపలికి నిషేధం, నూలు పోగులు రాలుతాయి. రెయిన్ కోటు ప్యాంటు, నైలాన్ చొక్కా, తలకి టోపీ. మేనల్లుడు నన్ను చూసి ఫోటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టాడు.

కంప్రెసరు రెండు హెచ్‌పీ, యాభై లీటర్ల ట్యాంకుది. దీనికి గాలి ఎక్కువ తాగే హెచ్‌వీఎల్‌పీ గన్ను తగిలిస్తే రెండు నిమిషాల్లో ప్రెషరు పడిపోతుంది. తక్కువ గాలితో పనిచేసే ఎల్‌వీఎల్‌పీ గన్ను, 1.3 నాజిల్‌తో తీసుకున్నాను. ఇంకోటి, గాలిని నొక్కితే వేడెక్కుతుంది, చల్లారితే అందులోని తేమ నీళ్లవుతుంది. మన ఊరి గాలికి ట్యాంకు అడుగున గ్లాసుల కొద్దీ చేరుతుంది. పొడుగు పైపు వేసి, గన్నుకి ముందు నీళ్లు పట్టే ఫిల్టరు పెట్టి, ప్రతి కోటుకీ ముందు ట్యాంకు అడుగు బిరడా తిప్పి నీళ్లు వదిలేశాను.

ఇప్పుడు ప్రమాదం మాట. పీయూ హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. వాటికి వాసన సరిగా తెలియదు. ఊపిరితిత్తులకి ఒకసారి పడకపోవడం మొదలైతే ఆ తర్వాత కాస్త తగిలినా ఆస్తమా వస్తుంది, జీవితాంతం వదలదు. ముక్కుకి కర్చీఫు, కరోనా మాస్కు దేనికీ పనికిరావు. అన్నిటికంటే మంచిది బయటి గాలిని పైపుతో ముఖానికి తెచ్చే హుడ్డు, అది అద్దెకి తెచ్చాను. కళ్లజోడు, నైట్రైల్ గ్లవ్సు, ఒంటి మీద చర్మం కనపడకుండా బట్టలు. కోటు కొట్టగానే బయటికి. ఇంట్లోవాళ్లు ఆ పూట మా అక్కగారింటికి వెళ్లిపోయారు. ఈ ఏర్పాటు చేసుకోలేనివాళ్లు ప్రైమర్ దాకా ఇంట్లో చేసుకుని పైరంగు షెడ్డులో కొట్టించుకోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. అందులో చిన్నతనం ఏమీ లేదు.

పక్క మేడ మీద మామ్మగారు గుమ్మడి వడియాలు పెట్టే రోజులు. ముందురోజే వెళ్లి చెప్పాను, రేపు మధ్యాహ్నం దాకా పైన ఏమీ ఆరబెట్టకండి అని.

"రంగు కింద కదయ్యా వేసేది?"

"గాలికి పైకి తేలుతుందండి మామ్మగారూ."

"అయితే నీలం వడియాలు నువ్వే తినాలి," అన్నారు. మర్నాడు తలుపు వేసుకుని కిటికీలోంచి చూశారు.

టాపు

ముందు టాపు తెలుపు. జిగురు గుడ్డతో తుడిచి, పాళ్లు డబ్బా మీది షీటు ప్రకారం: రెండు పాళ్లు రంగుకి ఒక పాలు హార్డెనర్, పైన కాస్త థిన్నర్. గన్ను జానెడు దూరంలో, రేకుకి నిటారుగా, ప్రతి వరస ముందు వరసని సగం కప్పుతూ. చెయ్యి మణికట్టు దగ్గర తిరక్కూడదు, భుజం కదలాలి. తిరిగిందంటే మధ్యలో మందం, చివర్లలో పల్చన.

మొదటి కోటు సగంలో ఉండగా కరెంటు పోయింది. ట్యాంకులో మిగిలిన గాలితో ఆ వరస అంచు దాకా లాగి ఆపాను. మొదటి కోటు పల్చగా కొట్టేదే కాబట్టి నష్టం లేకపోయింది. కరెంటు వచ్చాక మిగతా సగం, కాసేపు ఆగి రెండో కోటు నిండుగా. రెండో కోటు పడుతున్నప్పుడు తడి రంగు సర్దుకుని అద్దంలా అవడం కళ్ల ముందే కనిపిస్తుంది. అప్పుడే చెయ్యి ఇంకొంచెం కొట్టమంటుంది, అక్కడే ఆపాలి. ఆ ఇంకొంచెమే కారేది.

రెండు రోజులు ఆరనిచ్చి టాపుకి మాస్కింగ్, అంటే నీలం పడకుండా కప్పడం. అంచు గీతకి మామూలు టేపు కాదు, సన్నటి ప్లాస్టిక్ ఫైన్‌లైన్ టేపు. డోర్ల పైన నీళ్లు జారే గాడి వెంట పోయి, వెనక పిల్లరు మీద వంపు తిప్పి డిక్కీ మూలకి కలిపాను. మిగతాదంతా పాలిథిన్. న్యూస్ పేపరు మాత్రం వద్దు. రంగు, థిన్నర్ తగిలితే సిరా కరిగి, మర్నాడు తెల్ల టాపు మీద జిల్లా ఎడిషన్ హెడ్డింగు చదువుకోవచ్చు.

బాడీ

నీలం. డోర్ల లోపలి అంచులు, బానెట్ కింద భాగం ముందే వేరుగా కొట్టి ఉంచాను. లోపల తెలుపు, బయట నీలం ఉంటే ఎంత బాగా వేసినా డోరు తీయగానే పరువు పోతుంది. బయట ఎడమ వెనక మడ్‌గార్డుతో మొదలుపెట్టి, డోర్లు, ముందు మడ్‌గార్డు, బానెట్, అవతలి వైపు నుంచి వెనక్కి వచ్చి డిక్కీ. మొదలుపెట్టిన చోటికి చేరేసరికి అక్కడి అంచు ఇంకా పూర్తిగా ఆరకూడదు. చిన్న బండి కాబట్టి సాగింది. ఇదే స్కార్పియో అయితే ఈ కంప్రెసరుతో ఒక్కడివల్ల అయ్యే పని కాదు.

రెండు కోట్లు సరిపోయాయి, బానెట్‌కి మాత్రం మూడోది. ఆఖరి కోటు చెమ్మ తగ్గగానే, పూర్తిగా గట్టిపడకముందే ఫైన్‌లైన్ టేపు వెనక్కి మడిచి మెల్లగా లాగాను. గట్టిపడ్డాక లాగితే అంచు పెచ్చుగా లేస్తుంది. గీత బ్లేడుతో కోసినట్టు వచ్చింది. మేనల్లుడు ఈసారి ఆర్మీ గ్రీన్ మాటెత్తలేదు.

బానెట్ మీద ఒక దోమ దిగి, నడుద్దామని చూసి, ఆగిపోయింది. తడి మీద పుల్లతో తీయబోతే గుంట పడుతుంది. వదిలేయాలి. ఆరాక కాళ్లు మాత్రమే మిగులుతాయి, అవి కాగితానికి పోతాయి.

మిగతా సరదాలు

పీయూ పైకి మర్నాటికే గట్టిగా అనిపించినా లోపల ఆరడానికి వారాలు పడుతుంది. తొందరపడి మైనం పూయకూడదు. వారం ఆగి నలుసులున్న చోట్ల 1500, 2000 కాగితాలతో సబ్బునీళ్లలో రుద్ది, తర్వాత కాంపౌండ్, ఫోమ్ ప్యాడ్. అంచుల దగ్గర మెషిను పెట్టకుండా టేపు వేసుకున్నాను, అక్కడ రంగు పల్చగా ఉండి రెండు తిప్పులకే ప్రైమర్ బయటపడుతుంది. ఆరెంజ్ పీల్, అంటే నారింజ తొక్కలా ఎగుడుదిగుడు, అక్కడక్కడా ఉంది, ముఖ్యంగా కుడి మడ్‌గార్డు మీద. కంపెనీ నుంచి వచ్చిన కొత్త బళ్లకీ కొంత ఉంటుంది, దాన్ని పూర్తిగా చదును చేయాలని రంగు పల్చన చేసుకోవడం నాకిష్టం లేదు.

ముందు అద్దం బిగించడం చూడముచ్చటైన పని. కొత్త బీడింగుని అద్దానికి తొడిగి, దాని లోపలి గాడిలో సన్న తాడు చుట్టూ పెట్టి, రెండు కొసలు బండి లోపలికి వదిలి, సబ్బునీళ్లు రాసి, బయట ఒకరు అద్దాన్ని నొక్కుతుంటే లోపల ఇంకొకరు తాడు మెల్లగా లాగుతారు. తాడు వచ్చేకొద్దీ రబ్బరు పెదవి రేకు అంచుని దాటి లోపలికి మడుచుకుంటుంది.

డోర్ల లోపలి రేకుకి చప్పుడు తగ్గించే బ్యూటిల్ రబ్బరు షీటు అంటించాను. నీళ్లు పోయే కన్నాలు మూయకుండా, రేకు మధ్య భాగంలో మాత్రమే. డోరు వేస్తే ఇప్పుడు డబ్బా చప్పుడు లేదు. చక్రాలు పాత స్టీలు రిమ్ములే, ఇసుక కొట్టించి టాపు తెలుపే వేశాను, మధ్యలో చిన్న స్టీలు మూతలు. బంపర్లు నలుపే ఉంచాను. బంపరుకి కూడా బాడీ రంగు వేద్దామన్నారు ఇంట్లో. గీత పడినా కనపడని నలుపే మా సందుకి మేలు.

ఖర్చు అడుగుతున్నవాళ్లకి: కంప్రెసరు, గన్ను, పాలిషర్ అన్నీ కొన్నాక చూస్తే మంచి షెడ్డులో చేయించినదానికి పెద్ద తేడా లేదు. డబ్బు మిగులుతుందని దిగకండి.

మార్చి: ఆఫీసు పని, మిగిలినవి

రవాణా శాఖ ఆఫీసుకి బండి తీసుకెళ్లాం. ఇన్‌స్పెక్టరు గారు ఛాసిస్ నంబరు సరిచూసి, బండి చుట్టూ తిరిగి, టాపు వేరే రంగని దరఖాస్తులో రాశారా అని అడిగారు. రాశాం. సంతకమైంది. రెన్యువల్‌కి కూడా రేకు గురించి ఇక బెంగ లేదు.

ఇంకా ఉన్న పనులు: డిక్కీ బీడింగు ఒక మూల సరిగా కూర్చోవడం లేదు, మార్చాలి. కుడి ఇండికేటరు లోపల చెమ్మ చేరుతోంది. అన్నిటికంటే ముఖ్యం, వానలు పడేలోపు డోర్ల లోపల, రన్నింగ్ బోర్డుల లోపల కేవిటీ వ్యాక్స్ (బోలు భాగాల్లో తుప్పు పట్టకుండా చల్లే మైనం) కొట్టాలి. పైన ఎంత రంగు వేసినా తుప్పు వచ్చేది లోపలి నుంచే. దానికి పొడుగు గొట్టం ఉన్న నాజిల్ ఆర్డరు పెట్టాను, వచ్చే వారం వస్తుందట.